సూది మొన మీద దేవదూతలు

ప్రశ్న: మధ్యయుగపు ఐరోపాలో స్కొలాస్టిక్ తత్త్వవేత్తలు (చర్చి పాఠశాలల్లో, విశ్వవిద్యాలయాల్లో బోధించిన క్రైస్తవ పండితులు) సూది మొన మీద ఎందరు దేవదూతలు నాట్యమాడగలరని వాదించుకుంటూ కాలం వెళ్లబుచ్చారని విన్నాను. పాశ్చాత్య చింతనకు పునాది వేసింది వారేనని ఈమధ్య ఒక వ్యాసంలో చదివాను. ఈ రెండింటికీ పొంతన ఏమిటి?
— ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: సూది మొన సంగతి తరువాతి కాలంవారు ఎద్దేవాకు పుట్టించినది, మధ్యయుగ గ్రంథాల్లో అలాంటి చర్చ కనిపించదు. ఒకే చోట ఒకరికి మించి దేవదూతలు ఉండగలరా అని వారిలో ప్రముఖుడైన క్రైస్తవ సన్యాసి థామస్ ఆక్వినాస్ (1225–1274) అడిగిన మాట మాత్రం నిజం. దేహం లేనిదానికి ‘చోటు’ అన్న మాట ఎలా వర్తిస్తుందన్నదే అందులోని అసలు చిక్కు, అది తేలిగ్గా కొట్టిపారేయదగినది కాదు.

స్కొలాస్టిక్ పండితులు మిగిల్చిన ఆస్తిలో నేను అన్నిటికంటే మిన్నగా ఎంచేది వాదించే క్రమశిక్షణను. 12వ శతాబ్దంలో తత్త్వవేత్త పీటర్ అబెలార్డ్ 158 ప్రశ్నలు తీసుకుని, ఒక్కొక్కదానిపై చర్చి పెద్దల మాటలే ఒకదానికొకటి ఎలా ఎదురు నిలుస్తున్నాయో పక్కపక్కన పెట్టి చూపాడు; తీర్పు మాత్రం తాను చెప్పలేదు. ఆక్వినాస్ దైవశాస్త్ర గ్రంథం ‘సుమ్మా థియోలొజియే’లో ఈ పద్ధతి పరిపక్వమైంది. దేవుడున్నాడా అన్న ప్రశ్న దగ్గర ఆయన మొదట రాసినవి లేడనే వాదాలు: అనంతమైన మంచి ఉంటే చెడుకు తావే ఉండకూడదు, కానీ లోకంలో చెడు కనిపిస్తూనే ఉంది, పైగా ప్రకృతితోనూ మానవ సంకల్పంతోనూ అన్నిటికీ కారణం చెప్పగలిగినప్పుడు దేవుడితో పనేమిటి? ఒక సన్యాసి నాస్తికుడి పక్షాన్ని ఇంత సూటిగా, ఇంత బలంగా పెట్టడం నన్ను ఇప్పటికీ కదిలిస్తుంది. ఆ తరువాతే ఆయన దేవుడున్నాడని చూపే ప్రసిద్ధమైన ‘అయిదు మార్గాల’ను చెప్పి, చివరన ఒక్కో ఆక్షేపణకూ విడిగా బదులిస్తాడు. పూర్వపక్షాన్ని పూర్తిగా వినిపించాకే సిద్ధాంతం చెప్పే మన శాస్త్రగ్రంథాలు ఎరిగినవారికి ఈ నడక కొత్తగా అనిపించదు.

ఈ చర్చలకు ముడిసరుకు ప్రాచీన గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిల్. ఆయన ప్రకృతి గ్రంథాలను బోధించరాదని పారిస్‌లో 1215లో నిషేధించారు. 1255 నాటికి అక్కడి విశ్వవిద్యాలయంలోనే అవి పాఠ్యగ్రంథాలయ్యాయి. స్పెయిన్‌లోని కార్డోబాలో పుట్టిన ముస్లిం తత్త్వవేత్త ఇబ్న్ రుష్ద్ రాసిన వ్యాఖ్యల సాయంతోనే ఆ పండితులు అరిస్టాటిల్‌ను చదువుకున్నారు. అందుకే ఇబ్న్ రుష్ద్‌ను పేరుతో కాక ‘వ్యాఖ్యాత’ అని గౌరవంగా పిలిచేవారు.

అలాగని వారు అరిస్టాటిల్‌కు దాసోహమనలేదు. విసిరిన వస్తువును వెనుక నుంచి గాలి తోస్తుందన్న అరిస్టాటిల్ అభిప్రాయాన్ని 14వ శతాబ్దంలో పారిస్ అధ్యాపకుడు జాన్ బురిడాన్ ఒప్పుకోలేదు. వెనుక కొనను కూడా ముందు కొనలాగే వాడిగా చెక్కిన ఈటె ఏమీ నెమ్మదించదే, మరి గాలి దేన్ని పట్టుకుని తోస్తున్నట్టు అని అడిగాడు. విసిరిన చెయ్యే వస్తువులో ఒక వేగశక్తిని నింపుతుందని, గాలి నిరోధమూ బరువూ దాన్ని క్రమంగా తగ్గిస్తాయని వివరించాడు. ఇది నేటి జడత్వ సూత్రం కాదు గానీ, గెలీలియో కాలానికి దారి తీసిన మెట్లలో ఒకటి.

న్యాయచింతనలో వారి ముద్ర ఇంకా లోతైనది. అన్యాయమైన చట్టం చట్టమే కాదని చెప్పడానికి 1963లో బర్మింగ్‌హామ్ జైలు నుంచి లేఖ రాస్తూ అమెరికా నల్లజాతి హక్కుల నేత మార్టిన్ లూథర్ కింగ్ సాక్ష్యానికి పిలిచినవారిలో ఆక్వినాస్ ఉన్నాడు. శాశ్వత ధర్మంలోనూ సహజ ధర్మంలోనూ వేళ్లు లేని మానవ శాసనమే అన్యాయమైన చట్టమన్న నిర్వచనాన్ని ఆ లేఖలో ఆయన పేరుతోనే ఉదహరించాడు.