సమాధి వెతికే ముందు రిజిస్టర్ చూడు

చిరంజీవి అమ్మాయికి, మామయ్య ఆశీస్సులు.

మీ ముత్తాతగారి సమాధి ఎక్కడుందో కనుక్కోవాలని పూనుకున్నావని తెలిసి చాలా సంతోషించాను. అయితే తిన్నగా సమాధుల తోటకు వెళ్లి రాళ్ల మధ్య తిరగకు. చాలామందికి అసలు రాయే వేసి ఉండరు. వేసినా అక్షరాలు అరిగిపోతాయి. కొన్ని దేశాల్లో సమాధి స్థలం గడువుకే ఇస్తారు, అది తీరాక అక్కడే మరొకరిని పెడతారు. అలాంటప్పుడు నీకు మిగిలే ఆధారం, ఎవరిని ఎప్పుడు ఎక్కడ పాతిపెట్టారో రాసి ఉంచే భూస్థాపన రిజిస్టరే.

పాత రిజిస్టర్లు ఎక్కువగా తేదీల వరసలో రాసి ఉంటాయి. కాబట్టి చనిపోయిన సంవత్సరం ముందు తేల్చుకో. మరణ ధ్రువపత్రం, పెన్షన్ కాగితాలు, కుటుంబ బైబిల్లో రాసుకున్న తేదీలు వెతుకు. పెద్దవాళ్లకు సంవత్సరం గుర్తు లేకపోతే, ఎవరి పెళ్లికి ముందు పోయారు, ఎవరు పుట్టాక పోయారు అని అడుగు, వాళ్లకే గుర్తొస్తుంది. రిజిస్టర్ చర్చి ఆఫీసులోనో, మునిసిపాలిటీలోనో, ప్రభుత్వ ఆర్కైవ్స్‌లోనో ఉండొచ్చు. ఇంటిపేరు కింద దొరక్కపోతే పెట్టిన పేరు కింద చూడు. గుమస్తాలు చెవిన పడ్డట్టు రాసేవాళ్లు, స్పెల్లింగ్‌ని నమ్ముకోవద్దు.

పేరు దొరికిందని అక్కడితో ఆగిపోకమ్మా. అసలు సమాచారమంతా రిజిస్టర్‌లో ఆ పేరున్న వరసలోనే ఉంటుంది. సెక్షన్, ప్లాట్ నంబర్ రాసుకో. స్థలం ఎవరి పేరున కొన్నారో అడుగు. అది అల్లుడో, అత్తింటివాళ్లో అయితే నీకు తెలియని చుట్టరికం బయటపడుతుంది. అదే ప్లాట్‌లో ఇంకెవరున్నారో, పక్క ప్లాట్లు ఎవరివో కూడా చూడు. పసితనంలో పోయి, ఇంట్లో ఎవరూ తలుచుకోని బిడ్డలు చాలాసార్లు ఇలాగే దొరుకుతారు. నాకు ఈ పనిలో అన్నిటికంటే విలువైనది ఇదే.

ఇంటర్నెట్‌లో ఫైండ్ ఎ గ్రేవ్, బిలియన్‌గ్రేవ్స్, ఫ్యామిలీసెర్చ్ అనే సైట్లు చూడు. వాటిలో చాలా వివరాలు వాలంటీర్లు ఎక్కించినవే, తప్పులుంటాయి. అక్కడ లేనంత మాత్రాన సమాధి లేదనుకోకు. ప్రపంచ యుద్ధాల్లో బ్రిటిష్ ఇండియా సైన్యంలో చేరి పోయినవాళ్లుంటే ఆ సైనికుల సమాధులు, స్మారకాలు చూసుకోడానికి 1917లో ఏర్పడిన కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ జాబితాలో ఉచితంగా వెతకొచ్చు. దాదాపు 17 లక్షల మంది వివరాలున్నాయి. సమాధి తెలియనివాళ్ల పేర్లు స్మారకాల మీద చెక్కారు కాబట్టి, పేరున్న చోటే మనిషి ఉన్నాడనుకోకు.

రిజిస్టర్ ఉన్న ఆఫీసుకు ఉత్తరం రాస్తే ఒకేసారి ఒక్క మనిషి గురించే అడుగు. సంవత్సరం అటూ ఇటూగా చెప్పి, రిజిస్టర్ పేజీ కాపీ, ప్లాట్ల మ్యాపు కావాలని రాయి. తోటకు వెళ్లాక రాతిని వైర్ బ్రష్‌తో గీకొద్దు, పెచ్చులూడుతుంది. పొద్దున్నో సాయంత్రమో ఎండ ఏటవాలుగా పడేటప్పుడు ఫోటో తియ్యి, అరిగిన అక్షరాలు కూడా కనిపిస్తాయి.

పేజీ కాపీ రాగానే నాకు పంపు. చేతిరాత అర్థం కాకపోతే ఇద్దరం కలిసి చదువుదాం.

మీ మామయ్య