కోటి రూపాయల కారు వేగం 53 లక్షలకే వస్తే చవకేనా?

ప్రశ్న: నా వయసు 38. హైదరాబాద్ నల్లగండ్లలో సొంత ఫ్లాట్. నాకూ మా ఆవిడకూ కలిపి నెలకు 3.4 లక్షలు చేతికొస్తాయి. హోమ్ లోన్ ఈఎంఐ 92 వేలు, సిప్‌లు 70 వేలు. మ్యూచువల్ ఫండ్స్‌లో 38 లక్షలు, ఎఫ్‌డీలో 9 లక్షలు ఉన్నాయి. చైనా కంపెనీ బీవైడీ వాళ్ల ఎలక్ట్రిక్ కారు సీల్ పెర్ఫార్మెన్స్ కొనాలని ఉంది. 3.8 సెకన్లలో వంద స్పీడు అందుకునే జర్మన్ కారు కావాలంటే కోటి పైమాటే, ఇది 53 లక్షల చిల్లరే. ఇన్సూరెన్స్ వగైరా కలిపి 56 దాకా అవుతుంది. ఫండ్స్ నుంచి 16 లక్షలు తీసి, మిగతా 40 లక్షలకు ఏడేళ్ల లోన్ పెడదామనుకుంటున్నాను. ముందు మీకో ముక్క రాయమని మా ఆవిడ పట్టుబట్టింది.

- ఒక పాఠకుడు, 2025 సెప్టెంబర్

జవాబు: రాయించి మంచి పని చేశారావిడ.

కారు విషయంలో మీతో పేచీ లేదు. 530 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి కొలత) బండి. నేనూ ఒకసారి నడిపి చూశాను. దిగాక కాసేపు ఇంకే కారూ కంటికి ఆనలేదు. పేచీ అంతా 'చవక' అన్న మాటతోనే. ఆ కోటి రూపాయల కారు మీరు ఎలాగూ కొనేవారు కాదు. కాబట్టి మీరు ఆదా చేశాననుకుంటున్న 47 లక్షలు ఏనాడూ మీ జేబులో లేవు. జేబులోంచి పోయేది మాత్రం 56 లక్షలు, దానిపైన వడ్డీ.

9 శాతం వడ్డీకి 40 లక్షలు ఏడేళ్ల లోన్ అంటే ఈఎంఐ 64,350 రూపాయలు. వడ్డీ ఒక్కటే 14 లక్షలు దాటుతుంది. ఇంటి ఈఎంఐతో కలిపితే మీ రాబడిలో 46 శాతం ఒకటో తారీఖునే వెళ్లిపోతుంది. సిప్‌లు పోను ఇంటి ఖర్చుకు లక్షా 14 వేలు మిగులుతాయి. అదీ ఇద్దరి జీతాలూ ఆగకుండా వస్తేనే. ఐటీ కంపెనీల్లో ఈ రెండేళ్లలో ఉద్యోగాలు ఎలా పోయాయో నేను చెప్పాలా?

పెట్రోలు ఖర్చు మిగులుతుంది కదా అంటారు. మిగులుతుంది. నెలకు 1,200 కిలోమీటర్లు తిరిగితే, లీటరుకు 12 ఇచ్చే పెట్రోలు కారుకు 10,700 అవుతుంది. ఇంట్లో ఛార్జ్ చేసుకుంటే, యూనిట్ పది రూపాయలు అనుకున్నా, రెండు వేల పైచిల్లర. నెలకు ఎనిమిదిన్నర వేల ఆదా కోసం 64 వేల ఈఎంఐ కట్టడం లెక్కకు నిలవదు.

అసలైన లాభం పన్నులో ఉంది. తెలంగాణలో ఎలక్ట్రిక్ కార్లకు రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు 2026 డిసెంబర్ 31 వరకు లేవు. ఇదే ధర పెట్రోలు కారుకు లైఫ్ ట్యాక్సే తొమ్మిది లక్షలు దాటుతుంది. ఇక పది లక్షలు దాటిన కారుకు షోరూమ్‌లో కట్టించుకునే ఒక శాతం టీసీఎస్ (ముందుగా వసూలు చేసే పన్ను) ఖర్చు కాదు, రిటర్న్‌లో సర్దుబాటు అవుతుంది. ఆదాయపు పన్ను సెక్షన్ 80ఈఈబీ కింద ఎలక్ట్రిక్ కారు లోన్ వడ్డీకి మినహాయింపు వస్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి. అది 2023 మార్చి 31లోపు మంజూరైన లోన్లకే. ఫండ్స్ అమ్మితే పన్ను కూడా లెక్కేసుకోండి. ఆ 16 లక్షల్లో ఆరు లక్షలు దీర్ఘకాల లాభమైతే దాదాపు 60 వేలు కట్టాలి.

నన్ను ఎక్కువ కలవరపెట్టేది రీసేల్. మూడేళ్లు దాటిన కారుకు ఇన్సూరెన్స్ కంపెనీ ఐడీవీలో, అంటే పాలసీలో కట్టే కారు విలువలో, 40 శాతం కోస్తుంది, అంటే 32 లక్షల లోపు. అప్పటికి మీ లోన్ ఇంకా 26 లక్షలు ఉంటుంది. అమ్మకానికి పెడితే ఆ 32 అయినా పలుకుతుందన్న హామీ లేదు. సీల్ ఇక్కడ తయారవదు, పూర్తిగా దిగుమతి. మేఘా ఇంజినీరింగ్ కంపెనీతో కలిసి హైదరాబాద్ దగ్గర ప్లాంటు పెడతామన్న ప్రతిపాదనకు 2023లో కేంద్రం ఒప్పుకోలేదని వార్తలొచ్చాయి. అందుకే బంపర్ తగిలినా విడిభాగం ఎన్నాళ్లకు వస్తుందో సర్వీస్ సెంటర్లో అడిగి తెలుసుకోండి. జీరో డిప్రిసియేషన్ (విడిభాగాలకు తరుగు కోయని కవర్), రిటర్న్ టు ఇన్వాయిస్ (కారు పూర్తిగా పోతే బిల్లు ధర ఇచ్చే కవర్) లేకుండా పాలసీ తీసుకోకండి.

ఇంకో సంగతి. సీల్‌లోనే అదే బ్యాటరీతో ప్రీమియం మోడల్ ఉంది, దాదాపు ఏడున్నర లక్షలు తక్కువ. కంపెనీ లెక్క ప్రకారం మీది 580 కిలోమీటర్లు వెళితే అది 650 వెళుతుంది. పవర్ 313 పీఎస్. ఔటర్ రింగ్ రోడ్డు మీద వేగ పరిమితి 120. మిగతా 217 పీఎస్ ఎక్కడ వాడతారు?

నా సలహా ఇది. పెర్ఫార్మెన్స్ వద్దు. ఈ నెల నుంచే 64 వేలు ఆర్‌డీ (రికరింగ్ డిపాజిట్) వేయండి, సిప్‌లు ఆపకుండా. ఎఫ్‌డీ జోలికి వెళ్లకండి, అది ఆపద్ధనం. ఏడాదికి ఏడున్నర లక్షలు పోగవుతాయి, ఆ 16 కలిపితే ప్రీమియంకు సగం డబ్బు మీ చేతిలో ఉంటుంది. మిగిలిన పాతిక లక్షలకు ఐదేళ్ల లోన్ చాలు, ఈఎంఐ 52 వేలు. అప్పటికి రోడ్ ట్యాక్స్ మినహాయింపు గడువు ఇంకా మూడు నెలలుంటుంది. ఈలోపు పార్కింగ్‌లో ఛార్జింగ్ పాయింట్‌కు అపార్ట్‌మెంట్ అసోసియేషన్ దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. బయట ఫాస్ట్ ఛార్జర్ల మీద ఆధారపడితే పైన చెప్పిన ఆదా లెక్క తలకిందులవుతుంది.

వచ్చే సెప్టెంబర్‌లో మళ్లీ రాయండి. ఆర్‌డీ ఎన్ని నెలలు తప్పిందో కూడా రాయండి.