ఎపిడారస్ మీద రాస్తున్న తమ్ముడికి

చిరంజీవి తమ్ముడికి ఆశీస్సులు.

నీ చిత్తుప్రతి చదివాను. గ్రీసులోని ఎపిడారస్ గురించి రాస్తూ సగానికి పైగా రంగస్థలానికే ఇచ్చేశావు. 55 వరుసల ఆ కట్టడం గొప్పదే. కానీ అక్కడి గుడిలోని వైద్య దేవుడు అస్క్లేపియోస్ దగ్గరికి జనం జబ్బు నయం చేసుకోవడానికి వచ్చేవారు. నీ వ్యాసం ఆ రోగి వెంట నడవాలి.

ముందు స్నానం, తర్వాత బలీ నైవేద్యాలూ, చీకటి పడ్డాక అబాటన్‌లో పడక. దీన్ని 'నిద్రా చికిత్స' అన్నావు, కొట్టెయ్. గుడిలో 'నిద్ర చేయడం' అని మనకు మాట ఉంది, అది అచ్చంగా అతుకుతుంది. దేవుడు కలలో వచ్చి వైద్యం చేస్తాడని, పామో కుక్కో పుండు నాకి మాన్పుతుందని నమ్మేవారు. అబాటన్ అంటే దాదాపు 70 మీటర్ల పొడవున్న స్తంభాల వసారా. నేల వాలుగా ఉండటం వల్ల పడమటి భాగాన్ని రెండంతస్తులుగా కట్టారు. ఇంత వివరం ఇస్తే చాలు, మనిషి ఎక్కడ పడుకున్నాడో పాఠకుడికి కనిపిస్తుంది.

అసలు సరుకు, నయమైనవాళ్ల కథలు చెక్కిన ఆ గుడి శాసనాల్లో ఉంది. 1881లో పురావస్తు శాస్త్రవేత్త కవ్వాదియాస్ మొదలుపెట్టిన తవ్వకాల్లో బయటపడ్డాయి. ఒక కన్ను కనిపించని ఏథెన్స్ స్త్రీ అంబ్రోసియా కథ చూడు. కల కంటే కుంటివాళ్లు, గుడ్డివాళ్లు బాగుపడతారా అని ఆవరణలో తిరుగుతూ నవ్విందట. రాత్రి దేవుడు కలలో వచ్చి, నయం చేస్తాను గానీ నీ అజ్ఞానానికి గుర్తుగా వెండి పందిని సమర్పించుకోమన్నాడు. కన్ను కోసి మందు పోశాడు. తెల్లారేసరికి చూపు వచ్చింది.

ఇక్కడే నీ కలం జారింది. 'ఆమెకు నయమైంది' అని రాశావు. 'నయమైందని చెక్కారు' అని రాయాలి. చెక్కించింది గుడివాళ్లు, నిలబెట్టింది రోగుల కళ్లెదుట. నయం కానివాళ్ల లెక్క అందులో దొరకదు. కానీ పడుకోబోయే రోగి మనసులో ఏ ఆశ నింపారో తెలుసుకోవడానికి అంతకన్నా మంచి సాక్ష్యం లేదు.

'ఆసుపత్రి' అన్న మాటా వద్దు. ఆవరణలో పురుడు పోసుకోకూడదు, ప్రాణం పోకూడదు. ఆ ఇద్దరి కోసం క్రీ.శ. 2వ శతాబ్దంలో ఆంటోనినస్ అనే రోమన్ వేరే ఇల్లు కట్టించాల్సి వచ్చింది. నిండు గర్భిణిని, చావుబతుకుల్లో ఉన్నవాణ్ణి బయట ఉంచేది ఆసుపత్రి ఎలా అవుతుంది?

బొమ్మ కూడా మార్చు. రెండు పాముల దండం హెర్మెస్ అనే వేరే దేవుడిది. అస్క్లేపియోస్ కర్రకు ఒకటే పాము.

ఈసారి వెండి పందితో మొదలుపెట్టి తిరగరాసి పంపు.