సమాధానం: దర్వీష్ కవితలో నాగజెముడు

పాలస్తీనా కవి మహమూద్ దర్వీష్ కవితను తెలుగు చేస్తూ, అందులోని నాగజెముడును ‘ఎడారి బతుకు’కు గుర్తుగా తీసుకుంటే అనువాదం అతకడం లేదన్నారు. అతకదండీ. అక్కడ అది ఎడారి మొక్క కాదు, ఊరి కంచె. పాలస్తీనా గ్రామాల్లో ఇళ్లకూ తోటలకూ హద్దుగా దాన్ని పెంచేవారు, మన చేలగట్ల మీద లాగే. 1948లో ఇజ్రాయెల్ ఏర్పడినప్పటి యుద్ధంలో కవి సొంత ఊరు అల్ బిర్వాతో సహా వందల గ్రామాలు ఖాళీ అయ్యాయి. ఇళ్లు కూల్చినా కంచె మళ్లీ మొలిచింది. ఊరు ఎక్కడ ఉండేదో చాలాచోట్ల ఇప్పటికీ చెప్పేది ఆ ముళ్ల వరుసే. పైగా అరబీలో ‘సబ్ర్’ అంటే ఓర్పు, ‘సబ్బార్’ అంటే నాగజెముడు. ఉర్దూ ‘సబర్’ తెలిసినవారికి ఈ శ్లేష ఇట్టే పట్టుబడుతుంది. తెలుగులో దక్కదు, ‘ఓర్పు ముళ్లు’ వంటివి మాత్రం దయచేసి పెట్టకండి.

ఇక గుర్రం. ఈ కవిత ఉన్న 1995 నాటి సంపుటికి పేరే అది: ఊరు విడిచి పోతూ, గుర్రాన్ని ఒంటరిగా ఎందుకు వదిలావని తండ్రిని కొడుకు అడుగుతాడు. ఇంటికి తోడుగా, మనుషులు పోతే ఇళ్లు చచ్చిపోతాయంటాడు తండ్రి. ‘పౌరుషం’, ‘స్వేచ్ఛ’ అని వివరణలు తగిలించకండి. తండ్రి ఇంటి తాళంచెవిని తడుముకునే చోట ఆగండి: తన అవయవాలను తడుముకున్నట్టే తడుముకుంటాడు. ‘జేబులో వెతికాడు’ అని రాస్తే కవిత పోయినట్టే.