‘నల్లగా ఉన్నవాళ్లను ఎండ ఏం చేస్తుంది’ అంటున్నాడు మా అబ్బాయి.. ఎలా చెప్పాలి?

ప్రశ్న: మాది ఖమ్మం దగ్గర పల్లె. మా అబ్బాయికి 20 ఏళ్లు. క్రికెట్ టోర్నమెంట్ అంటూ రోజంతా ఎండలోనే ఉంటున్నాడు. మొన్న మెడ, చెవులు, చేతులు కమిలిపోయి ఇప్పుడు పొట్టు లేస్తోంది. నిమ్మరసం రాస్తే మంట ఇంకా ఎక్కువైంది. టోపీ, క్రీము అంటే ‘అవి అమ్మాయిలకి, నల్లగా ఉన్నవాళ్లను ఎండ ఏం చేస్తుంది’ అంటాడు. మా అమ్మాయేమో ముఖమంతా చున్నీ చుట్టుకోకుండా గడప దాటదు. అబ్బాయికి ఎలా నచ్చజెప్పాలి?

సలహా: అమ్మా, ముందు ఆ నిమ్మరసం ఆపేయండి. అది చర్మం మీద ఉండగా ఎండ తగిలితే బొబ్బలు రావచ్చు, నల్లటి మచ్చలు నెలల తరబడి ఉండిపోవచ్చు. చల్లటి నీళ్లలో తడిపిన మెత్తటి గుడ్డ రోజుకు మూడు నాలుగు సార్లు వేయండి. తర్వాత కలమైన్ లోషన్ గానీ, వాసన లేని మాయిశ్చరైజర్ గానీ రాయండి. లేచిన పొట్టును లాగొద్దు. అది తగ్గేదాకా అబ్బాయిని నీడపట్టున ఉండమనండి.

మీ అబ్బాయి మాటలో కొంత నిజం ఉంది. చర్మానికి రంగునిచ్చే మెలనిన్ అనే పదార్థం మనల్ని ఎండ నుంచి కొంతవరకు కాపాడుతుంది. చర్మ క్యాన్సర్ తెల్లవాళ్లతో పోలిస్తే మనలో చాలా తక్కువ. అందుకే క్యాన్సర్ పేరు చెప్పి భయపెట్టొద్దు, ఆ వయసులో ఆ భయం పనిచేయదు కూడా. కానీ ఎండలోని అతినీలలోహిత కిరణాల తీవ్రతను చెప్పే యూవీ ఇండెక్స్ 3కు చేరితే చాలు, జాగ్రత్తపడమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మన వేసవి మధ్యాహ్నాల్లో అది 11 కూడా దాటుతుంది. ఆ ఎండలో గంటల తరబడి నిలబడితే చామనఛాయ అయినా, నలుపైనా చర్మం కమిలిపోతుంది. పైగా మంట వెంటనే తెలియదు. కొన్ని గంటలకు మొదలై మర్నాటికి ముదురుతుంది. ఆడుతున్నంతసేపూ ఏమీ అనిపించదు కాబట్టే ‘నాకేం కాదు’ అన్న ధీమా అంత గట్టిగా ఉంటుంది.

ఒకే ఇంట్లో ఇద్దరు పిల్లలు ఇలా ఎందుకున్నారో ఆలోచించండి. ఆడపిల్లకు చిన్నప్పటి నుంచి ‘ఎండలో తిరగకు, నల్లబడతావ్’ అని చెబుతాం. ఆ మాట వెనక పెళ్లిచూపుల టెన్షన్ ఉంటుంది. మగపిల్లాడికి ఎవరూ ఏమీ చెప్పరు. దాంతో ఎండ నుంచి కాపాడుకోవడమంటే తెల్లగా ఉండటం కోసమేనని, అది ఆడవాళ్ల పనేనని ఇద్దరికీ నాటుకుపోతుంది. మన తాతలు తలగుడ్డ లేకుండా పొలంలో అడుగుపెట్టేవారు కాదు. వాళ్లను ఎవరూ సుకుమారులని అనలేదు కదా!

ఆస్ట్రేలియాలో సమస్య ఇంకో రకం. అక్కడ ఒంటి రంగు కాస్త ముదిరితే అందమనుకుని ఎండలో పడుకునేవారు. 1981లో ‘చొక్కా వేసుకో, క్రీము రాసుకో, టోపీ పెట్టుకో’ అన్న ప్రచారం మొదలైంది. టోపీ లేని పిల్లలను ఆటకు రానివ్వకూడదని చాలా బడులు నియమం పెట్టుకున్నాయి. అందరి తల మీదా టోపీ ఉంటే వెక్కిరించేవాళ్లే ఉండరు.

మీరు చేయాల్సింది కూడా అదే. అబ్బాయి ఒక్కడికే చెబితే స్నేహితుల ముందు చిన్నతనంగా ఉంటుంది. టీమ్ కెప్టెన్‌తో మాట్లాడండి. అందరికీ ఫుల్ హ్యాండ్స్ జెర్సీలు, మెడ కూడా కప్పే వెడల్పాటి టోపీలు పెట్టుకోమనండి. కుదిరితే మ్యాచ్‌లు పొద్దున్నే మొదలుపెట్టి 10 గంటలకల్లా ముగించమనండి. టీవీలో కొందరు ఆటగాళ్ల ముఖాన, పెదవుల మీద కనిపించే తెల్లటి పూత జింక్ ఆక్సైడ్ అని మీ వాడికి చూపించండి. మీరు చెప్పే వంద మాటల కన్నా అదే బాగా పనిచేస్తుందని నా నమ్మకం. సన్‌స్క్రీన్ క్రీము ఎస్‌పీఎఫ్ (ఎండ నుంచి ఎంత కాపాడుతుందో చెప్పే అంకె) 30 ఉన్నది, చెమటకు తొందరగా కారిపోనిది చాలు. ముఖానికి, మెడకు కలిపి రెండు వేళ్ల పొడవునా పిండుకోవాలి. చెవులను మరచిపోవద్దు. రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి.

అబ్బాయి మొటిమలకు డాక్సీసైక్లిన్ లాంటి మాత్రలు వాడుతున్నాడేమో కనుక్కోండి. వాటితో చర్మం తొందరగా కమిలిపోతుంది.

నిజానికి నాకు మీ అమ్మాయి గురించే ఎక్కువ దిగులుగా ఉంది. చున్నీ మంచిదే. కానీ నల్లబడతానన్న భయం ఉన్నవాళ్లు మందుల షాపులో అడిగి తెల్లబడే క్రీములు కొంటుంటారు. వాటిలో కొన్నింట్లో స్టెరాయిడ్ ఉంటుంది. నెలల తరబడి రాస్తే చర్మం పల్చబడి, కాస్త ఎండ తగిలినా ఎర్రబడి మండుతుంది. తను అలాంటిది వాడుతుంటే తిట్టకండి. ఉన్నట్టుండి మానేసినా ముఖం మండిపోతుంది కాబట్టి, ఆ ట్యూబు తీసుకుని ఇద్దరూ చర్మవైద్యుల దగ్గరకు వెళ్లండి.

అబ్బాయికి పెద్ద బొబ్బలు, జ్వరం, వాంతులు, తల తిరగడం లాంటివి కనిపిస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. వడదెబ్బ కూడా తగిలి ఉండొచ్చు.