అడ్వాన్స్ తీసుకున్న మేస్త్రీ ఫోన్ ఎత్తడం లేదు, డబ్బు ఎలా రాబట్టాలి?

ప్రశ్న: మాది కావలి. కొత్త ఇంటికి టేకు తలుపులు, కిటికీలు చేయించడానికి ఒక వడ్రంగి మేస్త్రీకి 60 వేలు అడ్వాన్స్ ఇచ్చాం, 40 వేలు ఫోన్‌పేలో, 20 వేలు చేతికి. కొలతలు తీసి, గోడ మీద పెన్సిల్‌తో అంకెలు రాసుకుని వెళ్లినవాడు ఏడు నెలలుగా ‘చెక్క దిగలేదక్కా, రేపొస్తా’ అంటూ వచ్చి, ఇప్పుడు ఫోనే ఎత్తడం లేదు. లండన్‌లో ఉన్న మా తమ్ముడు అక్కడైతే స్మాల్ క్లెయిమ్స్ కోర్టులో వేస్తారంటున్నాడు. ఇక్కడ అలాంటిది ఉందా? లాయరు ఫీజుకే అంతా పోతుందని మావారు వద్దంటున్నారు.
– ఒక పాఠకురాలు

జవాబు: ఉందమ్మా, పేరే వేరు. ఇంగ్లండ్‌లో 10 వేల పౌండ్ల లోపు తగాదాలు మీ తమ్ముడు చెప్పిన దారిలోనే వెళతాయి. మనకు నెల్లూరులో జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. సొంత ఇంటికి పని చేయించుకుంటున్నారు కాబట్టి మీరు వినియోగదారులే, డబ్బు తీసుకుని పని చేయకపోవడం సేవాలోపమే. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫిర్యాదుకు ఫీజు లేదు, లాయరు లేకుండా మీరే వాదించుకోవచ్చు. మేస్త్రీ వేరే జిల్లావాడైనా మీరు ఉండేచోటే వేయొచ్చు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయొచ్చు. గడువు మాత్రం రెండేళ్లే, అందుకని ఇంకో సంక్రాంతి దాకా చూద్దాం అనుకోవద్దు.

అన్నిటికంటే ముందు ఆధారాలు. ఫోన్‌పే వివరాలు ప్రింట్ తీయండి, బ్యాంకు స్టేట్‌మెంట్ కూడా. చేతికిచ్చిన 20 వేల దగ్గరే చిక్కు వస్తుంది, రసీదు రాయించుకుని ఉండరు కదా. అతను వాట్సాప్‌లో పంపిన వాయిస్ మెసేజ్‌లన్నీ ఓపిగ్గా వినండి. ‘మీ 60 వేలు ఎక్కడికీ పోవక్కా’ లాంటి మాట ఒక్కటి దొరికినా అది రసీదుతో సమానంగా పనికొస్తుంది. ఆ ఫోన్ మార్చొద్దు, చాట్ చెరపొద్దు. గోడ మీది పెన్సిల్ అంకెలకు రంగు వేయించకముందే ఫొటోలు తీసి పెట్టండి, అతను మీ ఇంటికొచ్చి పని ఒప్పుకున్నాడనడానికి అదీ ఒక ఆనవాలే.

తర్వాత ఒక నోటీసు. తెల్లకాగితం మీద మీరే తెలుగులో రాయొచ్చు: ఏ తేదీన ఎంత ఇచ్చారు, ఏ పనికి, 15 రోజుల్లో తిరిగి ఇవ్వకపోతే కమిషన్‌కు వెళతాం అని. స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచండి. చాలామంది ఈ కాగితం చేతికందగానే దిగొస్తారు.

అప్పటికీ కదలకపోతే, కేసు కంటే ముందు లోక్ అదాలత్ చూడమంటాను. కావలి కోర్టు ప్రాంగణంలోని మండల న్యాయసేవాధికార సంస్థలో ఒక అర్జీ ఇస్తే అతన్ని పిలిపిస్తారు, ఖర్చేమీ లేదు. అక్కడ ఇద్దరూ రాజీపడి సంతకాలు చేస్తే ఆ ఒప్పందంపై ఇచ్చే అవార్డు (తీర్పు) కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు కూడా ఉండదు. వాయిదాల్లో కడతానన్నా తేదీలతో సహా అందులోనే రాయించండి. ఒకవేళ అతను నిజంగానే మీ కొలతలకు చెక్క కోయించి ఉంటే టింబర్ డిపో బిల్లు అడగండి, ఆ మేరకు తగ్గించుకోవడం న్యాయం.

అక్కడ తేలకపోతే అప్పుడు కమిషన్. 60 వేలతో పాటు వడ్డీ, పడిన ఇబ్బందికి పరిహారం, ఖర్చులు కూడా అడగండి. కమిషన్ ఉత్తర్వును పట్టించుకోకపోతే జైలుశిక్ష దాకా వెళుతుంది.

స్టేషన్‌లో చీటింగ్ కేసు పెట్టమని చెప్పేవాళ్లు ఉంటారు. మొదటి నుంచే మోసం చేసే ఉద్దేశం ఉందని చూపలేకపోతే ఇది సివిల్ తగాదా అని పంపేస్తారు. అతని రంపం మిషనో బండో తెచ్చి మీ ఇంట్లో పెట్టుకునే పని మాత్రం చేయకండి, కేసు మీ మీదకే తిరుగుతుంది.

మధ్యలో చెక్కు ఇస్తానంటే తీసుకోండి. అది బౌన్స్ అయితే చెక్కు చెల్లలేదని బ్యాంకు ఇచ్చే మెమో అందిన 30 రోజుల్లో అతనికి నోటీసు పంపాలి, ఆ తేదీ దాటనివ్వకండి.