ఫ్లాట్‌పికింగ్‌లో వేగం పెంచగానే కుడిచెయ్యి బిగుసుకుపోతోంది, ఏం సాధన చేయాలి?

కొన్నేళ్లుగా హైదరాబాద్‌లో సినిమా పాటలకి గిటార్ మీద కార్డ్స్ (ఒకేసారి మోగే స్వరాల గుంపులు) వాయిస్తున్నానని, ఈమధ్య అమెరికా జానపదాల్లోంచి వచ్చిన బ్లూగ్రాస్ సంగీతం మీద మనసు పడి ఫ్లాట్‌పికింగ్, అంటే పిక్ అనే చిన్న బిళ్లతో ఒక్కో స్వరమే మీటడం, మొదలుపెట్టానని రాశారు. నెమ్మదిగా వాయిస్తే బాగానే వస్తోంది, కాస్త వేగం పెంచితే చెయ్యి కట్టేసినట్టు అయిపోతోంది, రోజుకి ఎంతసేపు ఏం చేయాలి అన్నది మీ ప్రశ్న. నేను ఉండేది నార్త్ కరోలినాలో. ఉద్యోగం మీద ఇక్కడికి వచ్చాకే ఈ సంగీతం చెవిన పడింది. అప్పట్నుంచి రోజూ వాయిస్తున్నాను, మా ఊళ్లో వారం వారం జరిగే జామ్‌కి, అంటే అందరూ చేరి కలిసి వాయించుకునే కూడికకి, వెళ్తున్నాను. నాకు అర్థమైనంత వరకు చెయ్యి బిగిసేది తీగ మారే చోట. ఉన్న సాధన సమయంలో ఎక్కువ భాగం అక్కడే పెట్టండి.

ఫ్లాట్‌పికింగ్‌కి మూలం ఒక్క నియమం. తాళం దెబ్బ మీద పడే స్వరానికి పిక్ కిందికి, దెబ్బకీ దెబ్బకీ మధ్య పడే స్వరానికి పైకి. స్వరం లేని చోట కూడా చెయ్యి ఆగదు, తీగని తాకకుండా అదే ఊపులో సాగుతుంది. వినడానికి సులువే. ఇప్పుడు గిటార్ చేతిలోకి తీసుకుని జి మేజర్ స్కేల్ వాయించండి. మన శంకరాభరణం స్వరాలే అవి. ఆరో తీగ (అన్నిటికంటే లావుది, మీ గడ్డానికి దగ్గరది) మూడో ఫ్రెట్ (మెడ మీది అడ్డకమ్మీ), పిక్ కిందికి. ఐదో తీగ ఓపెన్ (ఏ ఫ్రెట్ దగ్గరా నొక్కకుండా), పైకి. అదే తీగ రెండో ఫ్రెట్ కిందికి, మూడో ఫ్రెట్ పైకి. ఇక్కడ ఆగి చెయ్యి ఎక్కడుందో చూడండి. పిక్ ఐదో తీగకి అవతల, మీ గడ్డం వైపు ఉంది. తర్వాత రావాల్సింది నాలుగో తీగ ఓపెన్, అది కిందికి మీటాలి. అంటే పిక్ ఐదో తీగని తాకకుండా దాటి, ఐదుకీ నాలుగుకీ మధ్య సందులోకి వచ్చి, అక్కడి నుంచి నేల వైపు కొట్టాలి. నిదానంగా వాయిస్తే దీనికి బోలెడు సమయం ఉంటుంది కాబట్టి ఎలా దాటినా సరిపోతుంది. వేగం పెరిగితే ఆ సమయం పోతుంది, చెయ్యి కంగారుపడి బిగుసుకుంటుంది.

ఇంకొంచెం ముందుకెళ్తే దీనికి అద్దంలో బొమ్మ లాంటిది ఇంకొకటి తగులుతుంది. నాలుగో తీగ నాలుగో ఫ్రెట్ కిందికి, ఆ వెంటనే మూడో తీగ ఓపెన్ పైకి. ఈసారి పిక్ మూడో తీగని దాటి అవతలికి వెళ్లి, కింది నుంచి పైకి రావాలి. నాకు మొదటి రకమే ఎక్కువ కష్టంగా ఉండేది. మీకు ఏది కష్టమో పావుగంటలో తెలిసిపోతుంది. తెలిశాక స్కేల్ అంతా పక్కన పెట్టి ఆ రెండు స్వరాలే పైకి, కిందికి, పైకి, కిందికి అంటూ వాయించండి. భుజం వదులుగా ఉందా, దవడ బిగబట్టారా అని మధ్యమధ్యలో చూసుకోండి. నవ్వుకోకండి, పళ్లు బిగబట్టి వాయించేవాళ్లని చాలామందిని చూశాను.

మా జామ్‌లో డెబ్బై దాటిన ఒక పెద్దాయన ఉన్నారు. ఆయన పక్కన కూర్చున్నప్పుడల్లా ఆయన కుడిచేతినే చూస్తుంటాను. ట్యూన్ ఎంత వేగంగా పోతున్నా మోచెయ్యి దాదాపు కదలదు. ముంజెయ్యి గిటార్ అంచు మీద ఆని ఉంటుంది, మణికట్టు మాత్రం తాళంచెవి తిప్పినంత మేర తిరుగుతుంది. పిక్ తీగని దాటి బియ్యపుగింజంత దూరం కూడా పోదు. చిటికెనవేలు పిక్‌గార్డ్ (తీగల కింద గిటార్‌కి అతికించిన రేకు) మీద రాసుకుంటూ పోతుందే తప్ప అక్కడ నాటుకుని ఉండదు. ఫోన్ ఎదురుగా పెట్టి మీ చేతిని వీడియో తీసి చూడండి. స్ట్రమ్మింగ్ (తీగలన్నీ ఒకేసారి మీటడం) అలవాటైన చెయ్యి ఒక్క స్వరానికి కూడా అరచెయ్యంత దూరం ఊగుతుంటుంది. ఆ దూరం తగ్గితే సగం పని అయినట్టే.

ఈ తీగలు దాటడంలో ఇంత తిప్పలు ఎందుకంటే ఈ ట్యూన్లు గిటార్ కోసం పుట్టినవి కావు, ఫిడిల్ కోసం పుట్టినవి. ఫిడిల్ మీద కమాను కాస్త వాలిస్తే పక్క తీగ పలుకుతుంది, పిక్ అయితే గెంతాలి. వీటిని గిటార్ మీదకి తెచ్చినవాళ్లలో ముందు చెప్పుకోవాల్సింది డాక్ వాట్సన్ గురించి. ఈ రాష్ట్రంలోనే డీప్ గ్యాప్ అనే కొండ ఊరు ఆయనది. పసితనంలోనే చూపు పోయింది. 1950లలో ఒక డ్యాన్స్ బ్యాండ్‌లో ఎలక్ట్రిక్ గిటార్ వాయించేవారు. అందులో ఫిడిల్ వాయించేవాళ్లు లేరు, జంటలు కలిసి ఆడే స్క్వేర్ డ్యాన్స్‌కి ఫిడిల్ ట్యూన్లు లేకపోతే కుదరదు. దాంతో వాటిని గిటార్ మీదే పట్టేశారు. 2012లో ఆయన పోయారు. 1985లో ప్రమాదంలో చనిపోయిన ఆయన కొడుకు మెర్ల్ పేరు మీద 1988లో మొదలైన మెర్ల్‌ఫెస్ట్ అనే సంగీతోత్సవం ఇప్పటికీ ఏప్రిల్ చివర్లో విల్క్స్‌బరోలో జరుగుతుంది. ఎప్పుడైనా ఇటు వస్తే తప్పకుండా వెళ్లండి.

ఇక వేగం సంగతి. మెట్రోనోమ్ (నిమిషానికి ఇన్ని దెబ్బలని టక్ టక్ కొట్టే పరికరం) రోజుకి రెండేసి అంకెలు పెంచుకుంటూ పొమ్మని చాలామంది చెప్తారు. నాకు అది నచ్చదు. చెయ్యి ఒక అలవాటులో బిగిసి ఉన్నప్పుడు అంకె పెంచితే ఆ బిగువు కూడా కొంచెం కొంచెంగా పెరుగుతూ పోతుంది, చివరికి ఒకచోట గోడ తగులుతుంది. దానికంటే మన సరళీ వరుసల పద్ధతి మంచిది. తాళం కదలదు, కాలం మారుతుంది. మెట్రోనోమ్ 60 దగ్గర పెట్టి దెబ్బకి ఒక స్వరం, తర్వాత రెండు, తర్వాత నాలుగు. నాలుగు స్వరాల దగ్గర మొత్తం ట్యూన్ వాయించక్కర్లేదు. ఐదు స్వరాల చిన్న ముక్క ఒకటి తీసుకోండి, తీగ మారే చోటు మధ్యలో ఉండేలా. దాన్ని ఒక్క ఊపున వాయించి ఐదో స్వరాన్ని సరిగ్గా దెబ్బ మీద దించండి. చెయ్యి వదిలేసి ఊపిరి తీసుకోండి. మళ్లీ వాయించండి. వేగంగా వాయించినప్పుడు చెయ్యి కదిలే తీరే వేరు. ఆ తీరు చేతికి పరిచయం కావాలంటే చిన్న ముక్కల్లోనైనా వేగంగా వాయించి చూడాల్సిందే. జామ్‌లలో ట్యూన్లు మామూలుగా 200 దాటి నడుస్తాయి, దెబ్బకి రెండు స్వరాల లెక్కన సెకనుకి ఆరేడు స్వరాలు. ఈ సంఖ్య చూసి టెన్షన్ పడకండి, 140 దగ్గర వాయించే స్లో జామ్‌లు కూడా ఉంటాయి.

సామాన్ల గురించి రెండు మాటలు. స్ట్రమ్మింగ్‌కి వాడే పల్చటి పిక్ దీనికి పనికిరాదు, 1.2 నుంచి 1.5 మిల్లీమీటర్ల మందం ఉన్నది తీసుకోండి. కొన మూడు మిల్లీమీటర్లే బయటికి కనబడేలా పట్టుకోండి. తీగలు ఫ్రెట్ల మీద బాగా ఎత్తుగా ఉంటే ఒకసారి రిపేర్ చేసేవాళ్ల దగ్గర సెటప్ చేయించండి. ఖరీదైన గిటార్ ఇప్పుడే వద్దు.

ఇప్పుడు మీరు అడగని విషయం ఒకటి, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది. రోజుకి అరగంట దొరికితే అందులో పది నిమిషాలైనా రిథమ్, అంటే ట్యూన్ వెనక తాళానికి కార్డ్స్, వాయించండి. బ్లూగ్రాస్‌లో డ్రమ్స్ ఉండవు. బేస్ (మంద్రస్వరాలు పలికే పెద్ద తీగవాద్యం) ఒకటో దెబ్బ, మూడో దెబ్బ పట్టుకుంటుంది, మాండలిన్ రెండు, నాలుగు మీద టక్కుమని నరుకుతుంది, ఆ రెంటినీ కలిపి ఉంచేది గిటార్. జామ్‌లో గుండ్రంగా కూర్చుంటారు, ట్యూన్ ఒకరి తర్వాత ఒకరికి చేతులు మారుతుంది. మీ వంతు ఒక్కసారి వస్తుంది, మిగతా సేపంతా మీరు పక్కవాళ్లకి రిథమ్ వాయించాలి. ఎవరైనా పాడుతుంటే గిటార్ గొంతు తగ్గాలి. ట్యూన్ ముగించే ముందు ఎవరో ఒకరు కాలు పైకెత్తి సైగ చేస్తారు, తలదించుకుని ఫ్రెట్లు చూసుకునేవాళ్లకి అది కనబడదు. రిథమ్ బాగా వాయించేవాళ్లని లీడ్ (ట్యూన్ స్వరాలు) వాయించడం రాకపోయినా పక్కన కూర్చోబెట్టుకుంటారు.

మీ దగ్గర జామ్ దొరకడం కష్టమే. మీ రిథమ్‌ని మీరే ఫోన్‌లో రికార్డు చేసుకుని దాని మీద లీడ్ వాయించండి. మీ తాళం ఎక్కడ పరిగెడుతోందో మొదటిరోజే బయటపడుతుంది. మెట్రోనోమ్‌ని రెండు, నాలుగు దెబ్బల మీద మాత్రమే మోగేలా లెక్కపెట్టుకుంటే మాండలిన్ తోడున్నట్టే ఉంటుంది.

ట్యూన్ విషయానికొస్తే ఓల్డ్ జో క్లార్క్‌తో మొదలుపెట్టండి. రెండో ఫ్రెట్ మీద కేపో (తీగలన్నిటినీ ఒకేచోట నొక్కి పట్టే క్లిప్పు) పెట్టి జి కార్డ్ పట్టులతోనే వాయించొచ్చు. స్వరాలు మన హరికాంభోజివి, చెవికి కొత్తగా ఉండదు. రెండు భాగాలు, ఒక్కోటి రెండేసి సార్లు. ఇది నోట్లో పాడుకోగలిగేంతగా వచ్చాక సాల్ట్ క్రీక్‌కి వెళ్లండి. బ్లాక్‌బెర్రీ బ్లాసమ్‌కి తొందరపడకండి, మొదటి భాగంలో కార్డ్‌లు గబగబా మారిపోతుంటాయి. క్రాస్‌పికింగ్ (పక్కపక్క తీగల్ని వరసగా ఒక్కొక్కటిగా మీటడం) కూడా తర్వాతే. స్టాన్లీ బ్రదర్స్ అనే బ్లూగ్రాస్ బృందంలో వాయించిన జార్జ్ షఫ్లర్ పద్ధతిలో పిక్ కిందికి, కిందికి, పైకి నడుస్తుంది. పైన చెప్పిన నియమం చేతికి పూర్తిగా పట్టకముందే దాన్ని మొదలుపెడితే రెండూ కలగాపులగం అవుతాయి. మణికట్టులో నొప్పి వచ్చిన రోజు మాత్రం గిటార్ పక్కన పెట్టి ట్యూన్ వినండి, యూట్యూబ్‌లో వేగం సగానికి తగ్గించి వింటే తీగ ఎక్కడెక్కడ మారుతోందో చక్కగా వినబడుతుంది.